గిట్‌కు రమ్మంటే మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు ఎందుకు రారు?

పెద్ద బ్యాంకుల్లో, బీమా కంపెనీల్లో కొన్నేళ్లుగా ఒకే కథ నడుస్తోంది. మెయిన్‌ఫ్రేమ్ (ఖాతాల లెక్కలు నడిపే పెద్ద కంప్యూటర్) మీద కోబాల్ అనే పాత భాషలో పనిచేసే టీములను ఆ నల్ల తెర, పచ్చ అక్షరాల నుంచి బయటికి తెచ్చి గిట్ (కోడ్ మార్పుల చరిత్రను దాచే పనిముట్టు), వీఎస్ కోడ్ (కోడ్ రాసుకునే కొత్త ఎడిటర్), ఆటోమేటిక్ బిల్డులు (కోడ్‌ను నడిచే ప్రోగ్రాంగా దానంతటదే తయారుచేసే ఏర్పాటు) వాడించాలని పైవాళ్లు నిర్ణయిస్తారు. లైసెన్సులు కొంటారు, ట్రైనింగ్ పెడతారు, హాజరైనవాళ్లకు సర్టిఫికెట్లు పంచుతారు. కొన్ని నెలలు పోయాక చూస్తే కొత్త ఎడిటర్ ఐకాన్ డెస్క్‌టాప్ మీద బుద్ధిగా కూర్చుని ఉంటుంది, పని మాత్రం పాత తెర మీదే జరుగుతుంటుంది. దీనికి మీటింగులో పెట్టే పేరు కూడా ఎప్పుడూ ఒకటే: 'మైండ్‌సెట్ ప్రాబ్లమ్'. వయసు మీద పడింది, కొత్తది నేర్చుకోరు, అలవాటు వదలరు.

ఈ నిర్ధారణను నేను పూర్తిగా నమ్మను. అందులో కొంత నిజం ఉంది, దాని సంగతికి తర్వాత వస్తాను. కానీ వాళ్లు చెప్పే అభ్యంతరాలను ఒక్కొక్కటీ విప్పి చూస్తే చాలావాటి వెనక ఉండేది మొండితనం కాదు, లెక్క. పనిముట్టు మారిస్తే లాభం ఎవరికి, అది ఎదురు తిరిగిన రోజు ఫోన్ ఎవరికి వస్తుంది అన్న లెక్క. ఈ రెండూ ఒకే మనిషికి చెందిన చోట మార్పు పెద్ద గొడవ లేకుండా జరిగిపోతుంది. లాభం ఒకరిది, ఫోన్ మరొకరిది అయిన చోటే 'మైండ్‌సెట్' అన్న మాట వినిపిస్తుంది.

ప్రోగ్రామర్లు కొత్త పనిముట్టును కాదనడం ఈనాటిది కాదు. 1954లో ఐబీఎంలో జాన్ బ్యాకస్ బృందం ఫోర్ట్రాన్ అనే ప్రోగ్రామింగ్ భాష పని మొదలుపెట్టినప్పుడు, మెషిన్ కోడ్‌ను చేత్తో రాసే నిపుణుల్లో చాలామంది పెదవి విరిచారు. కంప్యూటర్ సమయం విపరీతమైన ఖరీదు ఉన్న రోజులవి. యంత్రం పుట్టించే కోడ్ తాము రాసినంత వేగంగా నడవదన్నది వాళ్ల వాదన. అందులో తమ విద్య మీద గర్వం ఉండొచ్చు, కానీ కొలిచి తేల్చదగ్గ ప్రశ్న కూడా ఉంది. బ్యాకస్ బృందం ఆ ప్రశ్ననే పట్టుకుంది. 1957 ఏప్రిల్‌లో ఐబీఎం 704 కంప్యూటర్ కోసం బయటికొచ్చిన కంపైలర్‌లో (మనిషి రాసిన ప్రోగ్రాంను మెషిన్ కోడ్‌గా మార్చే సాఫ్ట్‌వేర్) వాళ్ల శ్రమ ఎక్కువగా పోయింది భాషను తీర్చిదిద్దడం మీద కాదు. పుట్టే కోడ్ చేతిరాతకు దీటుగా పరిగెత్తేలా చెయ్యడం మీద. అది కుదిరాక వాదించే అవసరం తగ్గిపోయింది. కాదన్నవాళ్లకు ఎవరూ ఉపన్యాసం ఇవ్వలేదు. వాళ్లు దేన్ని కొలతగా చూపించారో ఆ కొలత మీదే నెగ్గి చూపించారు.

ఇవాళ్టి మెయిన్‌ఫ్రేమ్ టీములు చూపిస్తున్న కొలతలు ఏమిటో చాలామంది అడగరు. అడిగితే మొదట వచ్చే జవాబు తెర గురించే.

ఆ పచ్చ అక్షరాల తెరను, అంటే 3270 టెర్మినల్‌ను, ఐబీఎం 1971లో తెచ్చింది. దాని మామూలు తెరకు 24 వరుసలు, వరుసకు 80 అక్షరాలు. ఆ 80 అంతకుముందే పంచ్ కార్డు (ప్రోగ్రాంను లైనుకొకటిగా రంధ్రాలు కొట్టి దాచిన అట్ట) మీద ఉన్న గళ్ల లెక్క. ఆ తెర మీద పనిచేసే ఐఎస్‌పీఎఫ్ ఎడిటర్ కూడా 1970ల సరుకే. ఇప్పుడు నిజం టెర్మినళ్లు దాదాపు ఎవరి దగ్గరా లేవు, ల్యాప్‌టాప్‌లో వాటిని అనుకరించే ప్రోగ్రాం ఉంటుంది. బయటివాళ్లకు ఇది మ్యూజియం వస్తువులా కనిపిస్తుంది. చెయ్యి తిరిగినవాడి పక్కన కూర్చుని చూస్తే అభిప్రాయం మారుతుంది. ఇరవై వేల లైన్ల ప్రోగ్రాంలో ఒక ఫీల్డు విలువ ఎక్కడెక్కడ మారుతోందో కావాలి: 'ఎక్స్ ఆల్' అని కొట్టి మొత్తం ప్రోగ్రాంను దాచేస్తాడు, ఆ ఫీల్డు పేరుతో 'ఫైండ్ ఆల్' కొడతాడు, ఆ పేరున్న లైన్లు మాత్రమే పైకి తేలతాయి. ఎడమ అంచున రెండు చోట్ల 'సీసీ' రాస్తే ఆ మధ్య ఉన్నదంతా కాపీ. మౌస్ ఎక్కడుందో చూసుకునే పని లేదు.

దీని వెనక బయటివాళ్లకు తట్టని ఇంకో కారణం ఉంది. 3270 పద్ధతిలో మీరు తెర మీద ఏం టైపు చేసినా, ఎంటర్ గానీ ఫంక్షన్ కీ గానీ నొక్కేదాకా అది అవతలికి వెళ్లదు. అప్పుడు కూడా వెళ్లేది, వచ్చేది తెరకు సరిపడా అక్షరాలే. మొత్తం నిండినా 1,920. అమెరికాలో ఎక్కడో ఉన్న డేటా సెంటర్‌తో హైదరాబాద్‌లో కూర్చుని పనిచేసేవాడికి ఇది పెద్ద వరం. లైను నత్తనడక నడిచినా పని ఆగదు. అదే కొత్త ఎడిటర్ విషయానికి వద్దాం. చాలా బ్యాంకులు సోర్సు కోడ్‌ను బయటి ల్యాప్‌టాప్‌లో పెట్టనివ్వవు. కాబట్టి ఆ ఎడిటర్ అమెరికాలోని వర్చువల్ డెస్క్‌టాప్ మీద నడుస్తుంది, దాని బొమ్మ మాత్రం ఇక్కడికి వస్తుంది. ఒక్కో అక్షరం నొక్కి అది తెర మీద కనిపించేదాకా ఆగాలి. మెనూ తెరుచుకునేలోపు ఆలోచన తెగిపోతుంది. డెమో ఇచ్చినవాడు మాత్రం డేటా సెంటర్ ఉన్న ఊళ్లోనే కూర్చుని ఇచ్చాడు, అక్కడ మెరుపులా నడిచింది. ఇదీ 'మైండ్‌సెట్' ఖాతాలోనే పడుతుంది.

తెర విషయం డబ్బుతో, నెట్‌వర్క్‌తో తీరేదే. కోడ్ విషయం అంత తేలిగ్గా తీరదు.

గిట్‌ను లైనస్ టోర్వాల్డ్స్ 2005లో లినక్స్ కెర్నల్ (లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) కోసం రాశాడు. తేడాలు చూపించేటప్పుడు అది ఫైలును వరసగా ఉన్న లైన్లుగా, ప్రతి లైనునూ ఆస్కీ లేదా యూటీఎఫ్-8 (మామూలు కంప్యూటర్లు అక్షరాలు దాచే పద్ధతులు) అక్షరాలుగా చూస్తుంది. కోబాల్ రూపుదిద్దుకున్నది 1959, 60లలో, కార్డుల మీద. సంప్రదాయ కోబాల్ లైనులో మొదటి ఆరు గళ్లు వరుస సంఖ్యకు, ఏడోది వ్యాఖ్య గుర్తుకు, 8 నుంచి 72 దాకా అసలు ప్రోగ్రాంకు, 73 నుంచి 80 దాకా గుర్తింపు కోసం. కార్డుల కట్ట చేజారి చెల్లాచెదురైతే మళ్లీ వరసలో పెట్టుకోవడానికి ఆ సంఖ్యలు పనికొచ్చేవి. కార్డులు పోయాయి, గళ్లు ఉండిపోయాయి. చాలా షాపుల్లో (మెయిన్‌ఫ్రేమ్ నడిపే సంస్థలను అలాగే అంటారు) ఎడిటర్ ఇప్పటికీ ప్రోగ్రాంలో ఒక లైను చేర్చి సేవ్ చేస్తే మిగతా లైన్లన్నిటికీ కొత్త సంఖ్యలు వేస్తుంది. ఆ ఫైలును గిట్‌కు చూపిస్తే ఏమంటుంది? ఇరవై వేల లైన్లూ మారాయంటుంది. మీరు నిజంగా మార్చిన ఒక్క లైను ఆ గుంపులో ఎక్కడో ఉంటుంది. కోడ్ రివ్యూ (ఒకరి మార్పును మరొకరు చదివి సరిచూడటం) అన్నదానికి అర్థమే లేకుండా పోతుంది. ఆ సంఖ్యలు తీసేస్తే సరిపోతుందిగా అంటారు. తీసేయొచ్చు, చాలాచోట్ల తీసేశారు కూడా. కానీ కొన్నిచోట్ల 73 నుంచి 80 గళ్లలో ఏ ప్రాజెక్టులో ఎప్పుడు ఈ లైను మార్చారో గుర్తులు రాసుకుంటూ వచ్చారు. అది దశాబ్దాల చరిత్ర, ఇంకెక్కడా రాసిలేని చరిత్ర.

దీనికన్నా లోతైన చిక్కు అక్షరాలది. మెయిన్‌ఫ్రేమ్ అక్షరాలను ఈబీసీడీఐసీ పద్ధతిలో దాస్తుంది. గిట్‌లో పెట్టేటప్పుడు యూటీఎఫ్-8లోకి, కంపైల్ చేసేటప్పుడు వెనక్కి ఈబీసీడీఐసీలోకి మార్చాలి. మామూలు అక్షరాలకు ఇబ్బంది లేదు. అయితే పాతకాలపు ప్రోగ్రామర్లు ఐఎస్‌పీఎఫ్‌లో 'హెక్స్ ఆన్' పెట్టి, కొటేషన్ల మధ్య నేరుగా బైట్లు దిద్దేవాళ్లు. తెర మీద ఖాళీగానో చుక్కగానో కనిపించే ఆ బైటు నిజానికి ప్రింటరుకు ఒక ఆదేశమో, ఫైలులో ఒక గుర్తో అయి ఉంటుంది. అది పొరపాటున కొత్త లైను గుర్తుగా చెల్లే బైటు అయితే, మార్పిడిలో లైను మధ్యకు విరిగిపోతుంది. వెళ్లిన అక్షరం అదే అక్షరంగా తిరిగి రాదు. ఐబీఎం ఇచ్చే మైగ్రేషన్ పనిముట్లు ఇలాంటివాటిని పసిగట్టి హెచ్చరిస్తాయి, నిజమే. హెచ్చరిక వచ్చాక ఆ బైటు అక్కడ ఎందుకుందో తేల్చాల్సింది మాత్రం మనిషే. రాసినవాడు ఎప్పుడో రిటైరయ్యాడు.

ఇక ఎండెవర్, మెయిన్‌ఫ్రేమ్‌లో కోడ్ మార్పులను చూసుకునే సాఫ్ట్‌వేర్. ఈ పేరు కొత్తగా విన్న జావా ప్రోగ్రామర్లు చాలామంది దాన్ని 'పాతకాలపు గిట్' అనుకుంటారు. గొడవంతా ఇక్కడే మొదలవుతుందని నా అభిప్రాయం. ఒకప్పుడు సీఏ కంపెనీది, 2018 నుంచి బ్రాడ్‌కామ్‌ది అయిన ఈ సరుకు వెర్షన్లు దాచే డబ్బా మాత్రమే కాదు. ప్రోగ్రాంను ఎవరు తీసుకున్నారో అది తాళం వేసి చూపిస్తుంది. "అన్నా, ఎలిమెంట్ నీ పేరు మీద సైనౌట్ అయి ఉంది, వదులుతావా?" (అంటే ఆ ప్రోగ్రాం తాళం నీ దగ్గరుంది అని) అన్న మాట మెయిన్‌ఫ్రేమ్ టీముల్లో రోజూ వినిపించేదే. కంపైల్ చేసేది అదే, ఒక దశ నుంచి మరో దశకు జరిపేది అదే. మార్పులన్నిటినీ ప్యాకేజీగా కట్టి, ఆమోదించాల్సినవాళ్లు ఆమోదిస్తే తప్ప ప్రొడక్షన్‌లోకి (అసలు ఖాతాలు నడిచే చోటికి) వెళ్లనివ్వదు. చివరగా, తయారైన లోడ్ మాడ్యూల్‌లో (కంపైలయ్యాక యంత్రం నడిపే ప్రోగ్రాంలో) ఒక ముద్ర వేస్తుంది. రాత్రి నడిచిన ప్రోగ్రాం సరిగ్గా ఏ సోర్సు నుంచి పుట్టిందో ఆడిటర్ అడిగితే ఆ ముద్ర చూపించి సమాధానం చెప్పొచ్చు. ఎన్‌రాన్ కుంభకోణం తర్వాత 2002లో కంపెనీల లెక్కల మీద అమెరికా తెచ్చిన సార్బేన్స్-ఆక్స్‌లీ చట్టం వల్ల ఈ ప్రశ్న మర్యాదకు అడిగే ప్రశ్న కాకుండా పోయింది. కోడ్ రాసినవాడే దాన్ని ప్రొడక్షన్‌కు పంపకూడదన్న నియమం కూడా అప్పటి నుంచి బిగుసుకుంది.

గిట్ ఒక్కటే ఇందులో చాలా పనులు చెయ్యదు. అది చెయ్యాలని ఎవరూ అనుకోలేదు కూడా. దానికి బిల్డు పనిముట్టు వేరే, ఆమోదాల పద్ధతి వేరే, పంపిణీ చేసేది వేరే తగిలించాలి. తగిలించి చక్కగా నడుపుతున్న సంస్థలు ఉన్నాయి. కానీ 'గిట్‌కు మారుతున్నాం' అని చెప్పినప్పుడు టీము వినేది ఒక పనిముట్టు మార్పు కాదు, ఆఫీసు నడిచే పద్ధతే మారుతోందన్న వార్త. ఎవరు ఎవరికి జవాబుదారీ, ఎవరి సంతకం ఎక్కడ అన్నది తిరగరాస్తున్నారన్నమాట. చెప్పినవాడికి మాత్రం ఆ సంగతి తెలిసినట్టు ఉండదు. అనుమానం రావడానికి ఇంతకన్నా కారణం అక్కర్లేదు.

డబ్బు సంగతి త్వరగా చెప్పేస్తాను. చాలాచోట్ల మెయిన్‌ఫ్రేమ్ సాఫ్ట్‌వేర్‌కు నెల బిల్లు ఆ నెలలో నాలుగు గంటల సగటు వాడకం ఎక్కడ శిఖరానికి చేరిందో చూసి వేసే పద్ధతి ఉంది. ఆ షాపుల్లో పట్టపగలు రద్దీ వేళ అనవసరంగా కంపైల్ చేస్తే సీనియర్లు ఊరుకోరు. 'ప్రతి చిన్న మార్పుకూ బిల్డు, ప్రతి బిల్డుకూ పరీక్షలు' అన్న కొత్త మంత్రం అక్కడ నేరుగా ఖర్చుగా వినిపిస్తుంది. 2019లో ఐబీఎం వేరే ధరల పద్ధతి కూడా తెచ్చింది. అలవాట్లు ధరల కన్నా నెమ్మదిగా మారతాయి.

తప్పు జరిగితే ఎవరిది?

2012లో కొన్ని వారాల తేడాతో రెండు ప్రమాదాలు జరిగాయి. పక్కపక్కన పెట్టి చూస్తే ఈ తగువులో ఇరుపక్షాలకూ చెరో ఆయుధం దొరుకుతుంది.

మొదటిది బ్రిటన్‌లోని రాయల్ బ్యాంక్ ఆఫ్ స్కాట్లండ్‌లో. ఆ ఏడాది జూన్ 17న రాత్రిపూట ఖాతాలను సరిచేసే బ్యాచ్ జాబులను వరసలో నడిపే షెడ్యూలర్ సాఫ్ట్‌వేర్‌ను అప్‌గ్రేడ్ చేశారు. ఇబ్బందులు కనిపించాయి, వెనక్కి తీసేశారు. తీసేస్తే ఏమవుతుందో ముందుగా పరీక్షించలేదు. కొత్త వెర్షన్, పాత వెర్షన్ ఒకదానికొకటి పొసగలేదు. దేశంలో 65 లక్షల మందికి పైగా ఖాతాదారులు ఇరుక్కుపోయారు. జీతాలు పడలేదు, బ్యాలెన్సులు తప్పు చూపించాయి. అనుబంధ సంస్థ అల్‌స్టర్ బ్యాంక్ ఖాతాదారుల అవస్థ జులై దాకా సాగింది. 2014 నవంబర్‌లో నియంత్రణ సంస్థలు రెండూ కలిపి 5.6 కోట్ల పౌండ్ల జరిమానా వేశాయి. ఈ గొడవలో మన ఊరి పేరు కూడా నలిగింది. ఆ బ్యాంకు అదే షెడ్యూలర్ తెలిసినవాళ్ల కోసం హైదరాబాద్‌లో ఉద్యోగ ప్రకటన ఇచ్చిందని బ్రిటిష్ పత్రికలు పట్టుకుని, అవుట్‌సోర్సింగే కారణమన్నాయి. ఆ వ్యవస్థను చూసుకునేది ఎడిన్‌బరో టీమేనని బ్యాంకు అధిపతి స్టీఫెన్ హెస్టర్ పార్లమెంటు కమిటీకి రాయాల్సి వచ్చింది. పనిముట్టును తాకితే ఏమవుతుందో చెప్పడానికి మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు ఇప్పటికీ ఈ ఉదంతాన్నే ఎత్తుకుంటారు. గమనిస్తే, అక్కడ బ్యాంకింగ్ ప్రోగ్రాం ఏదీ చెడిపోలేదు. చెడింది చుట్టూ ఉన్న పనిముట్టే.

రెండోది ఆగస్టు 1న, న్యూయార్క్ షేర్ మార్కెట్‌లో. నైట్ క్యాపిటల్ అనే బ్రోకింగ్ సంస్థ కొత్త కోడ్‌ను ఎనిమిది సర్వర్ల మీదకు ఎక్కించాలి. ఎక్కించిన టెక్నీషియన్ ఒకదాన్ని మరిచాడు. రెండో మనిషి సరిచూసే నియమం లేదు. ఆ ఎనిమిదో సర్వర్ మీద ఏళ్ల క్రితం వాడకం మానేసిన పాత కోడ్ అలాగే ఉంది. కొత్త ఆర్డర్లతో పాటు వచ్చిన ఒక గుర్తు దాన్ని నిద్ర లేపింది. 45 నిమిషాల్లో 46 కోట్ల డాలర్లకు పైగా నష్టం. చేతిపనిని నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పే కథ ఇది. ఎనిమిది సర్వర్లకూ ఒకే మీటతో పంపి, అన్నిటిలోనూ అదే కోడ్ ఉందో లేదో తనిఖీ చేసే పనిముట్టు ఉంటే ఆ ఉదయం ఇంకోలా ఉండేది. ఆధునిక పనిముట్లు కావాలనేవాళ్ల పక్షాన ఇంతకన్నా బలమైన సాక్ష్యం నాకు కనిపించదు. మెయిన్‌ఫ్రేమ్ వాళ్లు దీన్ని సులువుగా పక్కన పెట్టేస్తారు, 'మా దగ్గర ఎండెవర్ ఉంది, అలా జరగదు' అని. షెడ్యూలర్ మార్పులో, జేసీఎల్ (జాబులు ఎలా నడవాలో చెప్పే ఆదేశాలు) మార్పులో, చేత్తో చేసే ఎన్నో పనుల్లో అలాగే జరగొచ్చని వాళ్లకూ తెలుసు.

ఈ రెండింటి మధ్య నలిగే ప్రోగ్రామర్ వైపు నుంచి చూడండి. పాత పద్ధతిలో తప్పు జరిగితే అది అందరి తప్పు. పద్ధతిని కంపెనీయే ఆమోదించింది, ఆమోదించినవాళ్ల పేర్లన్నీ ప్యాకేజీలో ఉన్నాయి. కొత్త పనిముట్టుతో తప్పు జరిగితే 'నువ్వు సరిగ్గా వాడలేదు' అంటారు. దాన్ని ఎంపిక చేసినవాడు ఈలోపు పదోన్నతి మీద వేరే విభాగానికి వెళ్లిపోయి ఉంటాడు. పైవాడు సొంతంగా మూల్యం చెల్లించిన సందర్భాలు అరుదు. బ్రిటన్‌లోనే టీఎస్‌బీ బ్యాంకు 2018 ఏప్రిల్‌లో 50 లక్షలకు పైగా ఖాతాదారులను కొత్త వ్యవస్థలోకి మార్చబోయి కుప్పకూలినందుకు బ్యాంకుకు 4.865 కోట్ల పౌండ్ల జరిమానా పడింది. ఆ తర్వాత, 2023లో, అప్పటి సాంకేతిక విభాగాధిపతి కార్లోస్ అబార్కాకు వ్యక్తిగతంగా 81,620 పౌండ్ల జరిమానా వేశారు. పరిశ్రమంతా దాన్ని వింతగా చెప్పుకుందంటే అలాంటివి ఎంత తక్కువో అర్థమవుతుంది.

అమీర్‌పేట నుంచి వెళ్లినవాళ్లు, ఇక్కడ మిగిలినవాళ్లు

ఈ కథలో తెలుగువాళ్ల భాగం చిన్నది కాదు. 1990ల చివర్లో వైటూకే భయం ప్రపంచాన్ని పట్టుకున్నప్పుడు, రెండంకెల్లో దాచిన సంవత్సరాలను నాలుగంకెలకు మార్చడానికి కోబాల్ తెలిసినవాళ్లు వేలల్లో కావాల్సి వచ్చారు. అమీర్‌పేట కోచింగ్ సెంటర్లలో కోబాల్, జేసీఎల్, సీఐసీఎస్ (లావాదేవీలు నడిపేది), డీబీ2 (డేటాబేస్) కలిపి 'మెయిన్‌ఫ్రేమ్స్' పేరుతో కోర్సులు నడిచాయి. బీఎస్సీ, ఎంసీఏ, సివిల్ ఇంజినీరింగ్ అన్న తేడా లేకుండా జనం చేరారు. అమెరికా 1999 ఆర్థిక సంవత్సరానికి హెచ్-1బీ వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. ఆ అలలో వెళ్లి అక్కడే స్థిరపడినవాళ్లకు ఇప్పుడు యాభై దాటింది. ఏ బ్యాంకులో ఏ జాబు నెలాఖరున ఎందుకు పడిపోతుందో నోటికి చెప్పగలిగినవాళ్లలో వాళ్లు చాలామందే.

ఇక్కడి పరిస్థితి వేరు. అమెరికా తూర్పు తీరంలో అర్ధరాత్రి బ్యాచ్ నడిచే సమయానికి హైదరాబాద్‌లో పొద్దున తొమ్మిదిన్నర, పదిన్నర అవుతుంది. అందుకే ఆ బ్యాచ్‌ను కనిపెట్టుకుని ఉండే పని ఇక్కడి టీములకు వచ్చింది. అంకె ఉండాల్సిన ఫీల్డులో ఖాళీలు పడి 'సాక్ సెవెన్' అబెండ్ వస్తే (జాబు మధ్యలో ఆగిపోతే), ఏ రికార్డు దగ్గర ఆగిందో వెతికి, సరిచేసి, ఏ స్టెప్పు నుంచి మళ్లీ మొదలుపెట్టాలో తేల్చేది వీళ్లే. అంతా సర్వీస్ కాంట్రాక్టు ప్రకారం, ఇన్ని నిమిషాల్లో స్పందించాలి అన్న గడియారం కింద. ఆ కాంట్రాక్టులో పనిముట్లు మెరుగుపరచడానికి గంటలు ఉండవు. పనిముట్టు క్లయింటుది, లైసెన్సు క్లయింటుది, దాన్ని మార్చే హక్కూ క్లయింటుదే. ఎడిటర్‌లో ఒక ప్లగిన్ కావాలన్నా టికెట్ పెట్టి ఎదురుచూడాలి. ఇలాంటి చోట 'మా వాళ్లు కొత్తవి వాడటం లేదు' అని చెప్పడం కొంచెం అన్యాయమే. గంటలకు బిల్లు వేసే కాంట్రాక్టులో పని సగం సమయంలో అయిపోతే సర్వీస్ కంపెనీకి ఆదాయమూ సగమే అన్న సంగతి కూడా ఎవరూ పైకి అనరు, అందరికీ తెలుసు.

కాలేజీ నుంచి వచ్చిన కొత్తవాళ్ల నిరాకరణ ఇంకో రకం. జావా, క్లౌడ్ అని కలలు కని చేరినవాడికి ట్రైనింగ్ అయ్యాక మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు పడితే ఇంట్లో చెప్పుకోవడానికే మొహమాటపడతాడు. మొదటి రోజు నుంచి 'రిలీజ్' (ఆ ప్రాజెక్టు నుంచి విడుదల) అడుగుతుంటాడు. వాడికి వీఎస్ కోడ్ ఇస్తే సంతోషిస్తాడు, నిజమే, కానీ వాడి దిగులు ఎడిటర్ గురించి కాదు. రెజ్యూమేలో ఏం రాసుకోవాలన్నది. గిట్, జెంకిన్స్ (ఆటోమేటిక్ బిల్డుల పనిముట్టు) అని రాసుకోగలిగితే కొంత ఊరట. ఈ కారణంగానే కొన్ని టీముల్లో కొత్త పనిముట్లకు గట్టి మద్దతు దొరికేది ఎప్పుడెప్పుడు వెళ్లిపోదామా అని చూసేవాళ్ల నుంచే. ఇరవై ఏళ్లుగా ఉన్నవాడు ఆ ఉత్సాహాన్ని అనుమానంగా చూస్తే తప్పు పట్టలేం: వీడు మొదలుపెట్టి పోతాడు, తర్వాత మోసేది నేనే అనుకుంటాడు.

ముందే ఒప్పుకున్న ఆ 'కొంత నిజం' దగ్గరికి వస్తున్నాను. తన పనితనాన్ని రహస్యంగా ఉంచుకోవడంలో లాభం చూసుకునేవాళ్లు ఉన్నారు. ఒక ప్రోగ్రాం గురించి ఒక్కడికే తెలిస్తే ఆ ఒక్కడిని తీసేయరు. మార్పుల చరిత్ర, కారణాలు, పరీక్షలు అన్నీ అందరికీ కనిపించే చోటికి వస్తే ఆ కవచం పోతుంది. ఇలాంటివాళ్లు నేరుగా వద్దనరు. 'మన దగ్గర అది పనిచెయ్యదు' అంటారు, ఎందుకు పనిచెయ్యదో మాత్రం రాసివ్వరు. నిజమైన అభ్యంతరాన్ని, ముసుగు వేసుకున్న దాన్ని వేరుచెయ్యడానికి నాకు తెలిసిన పద్ధతి ఒకటే. ఏం జరిగితే మీ అభిప్రాయం మార్చుకుంటారు అని అడగాలి. ఈబీసీడీఐసీ గురించి నిజంగా భయపడేవాడు 'ఈ నలభై ప్రోగ్రాములు మార్చి, మళ్లీ వెనక్కి తెచ్చి, కంపైల్ చేసి, రెండు లోడ్ మాడ్యూళ్లనూ పోల్చి చూపించు' అంటాడు. రెండో రకం మనిషి మాట దాటేస్తాడు.

మారిన చోట ఏం జరిగింది

ఈ రంగం కదలడం లేదనుకుంటే పొరపాటు. 2018లో ఐబీఎం, రాకెట్ సాఫ్ట్‌వేర్, సీఏ కలిసి ఓపెన్ మెయిన్‌ఫ్రేమ్ ప్రాజెక్టు కింద జోవీ అనే ఓపెన్ సోర్స్ పనిముట్ల సమూహాన్ని తెచ్చాయి. దాని వల్ల వీఎస్ కోడ్ నుంచే మెయిన్‌ఫ్రేమ్ ఫైళ్లు తెరవొచ్చు, జాబులు పంపొచ్చు. నాకు నచ్చిన విషయం ఏమిటంటే, అది పాత తెరను మూయమని అడగదు. ఒకే ఫైలును ఒకరు ఐఎస్‌పీఎఫ్‌లో, ఇంకొకరు వీఎస్ కోడ్‌లో దిద్దుకోవచ్చు. ఎండెవర్‌ను ఉంచుకుంటూనే దానికి గిట్‌తో వంతెన కట్టే సరుకు బ్రాడ్‌కామ్ అమ్ముతోంది. ఇవి సిద్ధాంతంగా చూస్తే అతుకులే. గిట్‌ను నమ్మినవాళ్లకు రెండు చోట్ల చరిత్ర ఉండటం చిరాకు. కానీ అలవాటైన దారి మూసుకుపోలేదన్న ధైర్యం ఉన్నప్పుడు జనం కొత్త దారిలో నాలుగడుగులు వేసి చూస్తారు. 'ఫలానా తేదీ నుంచి ఐఎస్‌పీఎఫ్ బంద్' అని మెయిల్ పెడితే ఆ తేదీని వాయిదా వేయించడం మీదే అందరి తెలివీ ఖర్చవుతుంది.

వరస కూడా ముఖ్యం. చాలా ప్రాజెక్టులు ఎడిటర్‌తో మొదలుపెడతాయి, డెమోలో బాగా కనిపించేది అదే కాబట్టి. టీముకు అన్నిటికన్నా తక్కువ ఉపయోగం దానితోనే. ఎక్కువ ఉపయోగం పరీక్షలతో. మెయిన్‌ఫ్రేమ్ షాపుల్లో ఇప్పటికీ పరీక్ష అంటే ఎక్కువగా పాత ప్రోగ్రాం, కొత్త ప్రోగ్రాం రెండింటినీ ఒకే ఇన్‌పుట్ మీద నడిపి, అవుట్‌పుట్ ఫైళ్లను సూపర్‌సీ లాంటి వాటితో పోల్చడమే. ఆ పోలికను ఎవరి చెయ్యీ పడకుండా, అడిగినప్పుడల్లా, ఒక్క ఆదేశంతో జరిగేలా చేసి ఇవ్వండి. ఆ రోజు నుంచి సీనియర్ మనిషే దాన్ని పట్టుకుని వదలడు. ఎందుకంటే అది అతని రాత్రి నిద్రను కాపాడుతుంది. ఆ తర్వాత గిట్ రావడం తేలిక. వెనక్కి వెళ్లే దారి ఉందని, అది పనిచేస్తుందని అతను తన కళ్లతో చూశాడు.

ఇప్పుడు ఇదే తగువు కొత్త వేషంలో వచ్చింది. కోబాల్‌ను చదివి వివరించి, జావాలోకి మార్చే ఏఐ పనిముట్టును ఐబీఎం 2023లో ప్రకటించింది. మిగతావాళ్లూ రంగంలోకి దిగారు. ఇక్కడా 'ముసలివాళ్లు భయపడుతున్నారు' అన్న మాటే ముందు వస్తోంది. అమెరికాలోని మెటర్ అనే పరిశోధన సంస్థ 2025లో ఒక ప్రయోగం చేసింది. ఏళ్ల తరబడి తామే పెంచిన ఓపెన్ సోర్స్ ప్రాజెక్టుల మీద 16 మంది అనుభవజ్ఞులకు 246 పనులు ఇచ్చి, కొన్నిటికి ఏఐ వాడనిచ్చింది, కొన్నిటికి వద్దంది. ఏఐ వాడినప్పుడు పని 19 శాతం ఆలస్యమైంది. చేసినవాళ్లు మాత్రం 20 శాతం త్వరగా అయిందనుకున్నారు. ఆ ప్రాజెక్టులు కోబాల్‌వి కావు, పనిముట్లూ 2025 ఆరంభం నాటివి, అవి వేగంగా మారుతున్నాయి. కాబట్టి దీన్ని అన్నిటికీ వర్తింపజేయలేం. ఒకటి మాత్రం చెప్పొచ్చు: తన కోడ్ తనకు బాగా తెలిసిన మనిషి 'నాకు దీనివల్ల లాభం కనిపించడం లేదు' అంటే అది మొండితనమని ముందే తీర్మానించడానికి ఆధారం లేదు.

కోబాల్‌ను జావాలోకి మార్చే ప్రాజెక్టులో టీము భయం ఎక్కడుంటుందో కూడా స్పష్టమే. కోబాల్‌లో డబ్బు లెక్కలు ప్యాక్డ్ డెసిమల్‌లో, ఇన్ని అంకెలు, పాయింటు తర్వాత ఇన్ని అని కచ్చితంగా నడుస్తాయి. ఎక్కడ గుండ్రం చేయాలో, ఎక్కడ మిగిలిన అంకెలు కత్తిరించేయాలో ఆ ప్రోగ్రాంలోనే ఉంటుంది, పత్రాల్లో ఉండదు. మార్చిన కోడ్ చదవడానికి ఎంత చక్కగా ఉన్నా, వడ్డీ లెక్కలో పైసా తేడా వస్తే అది లక్షల ఖాతాలకు గుణించుకుంటుంది. ఆ తేడా మామూలు రోజుల్లో బయటపడకపోవచ్చు, త్రైమాసికం చివర్లోనో మార్చి 31 లాంటి లెక్కల ముగింపు రోజునో పడొచ్చు. కాబట్టి పాతదాన్ని, కొత్తదాన్ని కనీసం ఒక నెలాఖరు, ఒక త్రైమాసికం చివర, ఒక సంవత్సరాంతం దాటేదాకా పక్కపక్కనే నడిపి, ఫైలుకు ఫైలు పోల్చాలి. అంటే ఏడాది పాటు రెండింటి ఖర్చూ భరించాలి, తేడాలు తేల్చే మనుషులను ఆ ఏడాదీ వేరే పనికి లాగకూడదు. ప్లాన్‌లో ఆ ఏడాదికి డబ్బు, ఆ మనుషుల పేర్లు, పాతదాన్ని ఆపమని చెప్పే అధికారి పేరు లేకపోతే టీము దాని కింద సంతకం పెట్టదు. పెట్టకపోవడమే సరైన పని.